పొయ్యి మీద పెట్టిన గిన్నె బయట నీటి బొట్లు ఎక్కడివి? గ్యాస్‌లోని శక్తి అసలు ఎక్కడ ఉంటుంది?

పదో తరగతి అమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను చదివింది కామర్స్. మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతికి వచ్చాడు కాబట్టి సాయంత్రం వాడితో పాటు నేనూ సైన్సు పాఠాలు చదువుతున్నాను. మొన్న వాడు వంటింట్లో నిలబడి అడిగిన ప్రశ్నకు నేను సమాధానం చెప్పలేకపోయాను. స్టీలు గిన్నెను బయట, అడుగున పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ముప్పాతిక వంతు కుళాయి నీళ్ళు పోసి గ్యాస్ పొయ్యి మీద పెట్టాము. వెలిగించిన అర నిమిషానికే గిన్నె అడుగు అంచు చుట్టూ, పక్కల మీద రెండు మూడు అంగుళాల ఎత్తు వరకు సన్నని తడి పట్టింది. అది చిన్న చిన్న బొట్లుగా చేరింది, వాటిలో ఒకటి రెండు జారి బర్నర్ మీద పడి చుర్రుమన్నాయి. నీళ్ళు గోరువెచ్చగా దాటేసరికి ఆ తడి మొత్తం దానంతట అదే ఆరిపోయింది. గిన్నెకు చిల్లు లేదు, లోపలి నీళ్ళు ఒలకలేదు. మరి ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి?

దాని వెంటే ఇంకో సందేహం వచ్చింది. ఇంటికి వచ్చే సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. నెలా పదిహేను రోజులకు సిలిండర్ ఖాళీ అవుతుంది, బూడిద కూడా మిగలదు. ఆ 14.2 కిలోలు మొత్తం వేడిగా మారిపోయినట్టేనా?

మూడోది మమ్మల్ని బాగా తికమక పెట్టింది. ఒక పాఠంలో ఇంధనపు బంధాల్లో రసాయన శక్తి దాగి ఉంటుందని, మండినప్పుడు అది బయటకు వస్తుందని ఉంది. రసాయన బంధాల పాఠంలోనేమో బంధాన్ని తెంచాలంటే మనమే శక్తిని ఇవ్వాలని ఉంది. తెంచడానికి శక్తి ఇవ్వవలసి వస్తే, తెగినప్పుడు శక్తి బయటకు రావడం ఎలా కుదురుతుంది? దయచేసి మాలాంటి వారికి అర్థమయ్యేలా వివరించగలరు.

రసాయన శాస్త్రం టీచర్:

మీ అబ్బాయి గమనించిన విషయం చాలా విలువైనది. ఆ నీళ్ళు మంటలోనే పుట్టాయి. వంటగ్యాస్ అంటే ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు హైడ్రోకార్బన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే పదార్థాల) మిశ్రమం. ప్రొపేన్ అణువులో మూడు కార్బన్, ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఒక ప్రొపేన్ అణువు గాలిలోని ఐదు ఆక్సిజన్ అణువులతో కలిసి పూర్తిగా మండితే మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులు, నాలుగు నీటి అణువులు ఏర్పడతాయి. మంట వేడికి ఆ నీరు ఆవిరి రూపంలో ఉంటుంది కనుక మనకు కనిపించదు. మంట వాయువులు చల్లని గిన్నెను తాకినప్పుడు అందులోని ఆవిరి అక్కడికక్కడే సాంద్రీకరణం చెంది బొట్లుగా మారుతుంది. గిన్నె బయటి ఉపరితలం వేడి సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత ఆవిరి అక్కడ నీరుగా మారలేదు, అంతకు ముందు చేరిన తడి కూడా ఆరిపోతుంది. మీరు గోరువెచ్చగా దాటాక అని రాసింది సరిగ్గా ఈ దశే.

గాలిలోని తేమ చల్లని పాత్ర మీద పట్టిందేమో అని కొందరికి అనుమానం రావచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టే చెమట అలాంటిదే. అయితే గది వేడిమిలోనే ఉన్న కుళాయి నీళ్ళ గిన్నె, పొయ్యి వెలిగించనంత సేపూ పొడిగానే ఉంది కదా. ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే అవే నీళ్ళను దాని మీద కాచి చూడండి, బయట ఒక్క బొట్టు కూడా పట్టదు, ఎందుకంటే అక్కడ దహనం జరగడం లేదు.

హైడ్రోజన్ మండితే నీరు వస్తుందని 1780లలో ఇంగ్లండులో హెన్రీ కేవెండిష్ ప్రయోగాలు చేసి చూపించారు. నీరు మూలకం కాదని, రెండు వాయువుల కలయిక అని ఆ దశాబ్దంలోనే ఫ్రాన్సులో లావోయిజర్ స్థిరపరిచారు. మైకేల్ ఫారడే 1860-61 శీతాకాలంలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు ఉపన్యాసాలు ఇస్తూ, మంచు, ఉప్పు నింపిన పాత్రను కొవ్వొత్తి మంట పైన ఉంచి, దాని అడుగున చేరిన నీటిని చూపించారు. మీ వంటింట్లో జరిగింది అదే ప్రయోగం.

ఇప్పుడు బరువు సంగతి. పదార్థం వేడిగా మారిపోలేదు. ద్రవ్యనిత్యత్వ నియమం ఇక్కడ కచ్చితంగా వర్తిస్తుంది. లెక్క సులువుగా ఉండేందుకు సిలిండర్‌లో ఉన్నదంతా ప్రొపేనే అనుకుందాం. ప్రొపేన్ అణుభారం 44. అది వాడుకునే ఐదు ఆక్సిజన్ అణువుల భారం 160. వచ్చే మూడు కార్బన్ డయాక్సైడ్ అణువుల భారం 132, నాలుగు నీటి అణువుల భారం 72. మండే వాటిని కూడితే 204, వచ్చే వాటిని కూడితే 204. ఈ నిష్పత్తిలో 14.2 కిలోల గ్యాస్ మండడానికి 51.6 కిలోల ఆక్సిజన్ కావాలి. మండాక 42.6 కిలోల కార్బన్ డయాక్సైడ్, 23.2 కిలోల నీరు వస్తాయి. రెండు వైపులా మొత్తం 65.8 కిలోలే. బ్యూటేన్ కలిసినప్పుడు ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి తప్ప చిత్రం మారదు.

ఈ లెక్కలో పిల్లలు ఆగి చూడవలసిన అంకె ఆక్సిజన్‌ది. పొయ్యి మీద ఖర్చయ్యే వాటిలో గ్యాస్ కంటే ఆక్సిజన్ మూడున్నర రెట్లకు పైగా ఎక్కువ. గాలి బరువులో ఆక్సిజన్ వాటా సుమారు 23 శాతం. అంటే ఒక్క సిలిండర్ మండడానికి దాదాపు 220 కిలోల గాలి కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు ఉండే గదులు ఏడింటిలో పట్టే గాలి అది. గ్యాస్‌కు మనం డబ్బు కడతాము కనుక అదే ఇంధనం అనుకుంటాము, గాలి ఉచితంగా వస్తుంది కనుక దానిని లెక్కలోకి తీసుకోము.

మీ మూడో ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. దానిని మన ఫోరంలోని భౌతికశాస్త్రం వారు నాకంటే బాగా చెబుతారు.

విశ్రాంత అధ్యాపకుడు:

అమ్మా, మీరు అడిగిన మూడో ప్రశ్న డిగ్రీ విద్యార్థులను కూడా తడబడేలా చేస్తుంది. మీ పుస్తకంలోని రెండు వాక్యాల్లో రెండోదే నిజం. బంధాన్ని తెంచాలంటే ఎప్పుడైనా, ఏ పదార్థంలోనైనా శక్తిని ఇవ్వవలసిందే. ఈ నియమానికి మినహాయింపు లేదు. బంధం ఏర్పడేటప్పుడు మాత్రమే శక్తి విడుదల అవుతుంది. ఇంధనపు బంధాల్లో శక్తి దాగి ఉంటుంది అన్నది సౌలభ్యం కోసం వాడే పొట్టి మాట. దానిని అక్షరాలా తీసుకుంటే మీకు వచ్చిన చిక్కే వస్తుంది.

రెండు పరమాణువులు ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి. ఆ ఆకర్షణ వల్లనే అవి కలిసి ఉంటాయి. వాటిని విడదీయడం బావిలోంచి నిండు బిందెను పైకి లాగడం వంటిది, అవి కలవడం ఆ బిందెను తిరిగి బావిలోకి వదలడం వంటిది. బలమైన బంధం అంటే లోతైన బావి, బలహీనమైన బంధం అంటే లోతు తక్కువ బావి. మంటలో జరుగుతున్నది ఏమిటంటే, పరమాణువులు తక్కువ లోతున్న బావుల్లోంచి బయటపడి ఎక్కువ లోతున్న బావుల్లోకి దిగుతున్నాయి. పైకి లాగడానికి పెట్టిన శ్రమ కంటే దిగేటప్పుడు వచ్చినది ఎక్కువ, ఆ తేడాయే మనకు వేడిగా అందుతుంది.

మాటలతో వదిలేయకుండా అంకెలతో చూద్దాం, పదో తరగతి విద్యార్థికి కూడికలు, గుణింతాలు వస్తే చాలు. ఒక మోల్ ప్రొపేన్, అంటే దాని అణుభారాన్ని గ్రాముల్లో తీసుకున్నంత, 44 గ్రాములు తీసుకుందాం. దానిలో కార్బన్-హైడ్రోజన్ బంధాలు 8, కార్బన్-కార్బన్ బంధాలు 2 ఉంటాయి. సగటు బంధశక్తులు వరుసగా మోల్‌కు 413, 347 కిలోజౌళ్ళు. ఐదు మోల్‌ల ఆక్సిజన్‌లో ఐదు ద్విబంధాలు (రెండు పరమాణువుల మధ్య ఉండే జంట బంధాలు), ఒక్కొక్కదానికి 498 కిలోజౌళ్ళు. వీటన్నిటినీ తెంచడానికి కావలసినది 3,304, 694, 2,490 కలిపి 6,488 కిలోజౌళ్ళు. ఇక ఏర్పడే బంధాలు చూడండి. మూడు కార్బన్ డయాక్సైడ్ అణువుల్లో కార్బన్-ఆక్సిజన్ ద్విబంధాలు 6, ఒక్కొక్కటి 799 కిలోజౌళ్ళు. నాలుగు నీటి అణువుల్లో ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలు 8, ఒక్కొక్కటి 463 కిలోజౌళ్ళు. మొత్తం 4,794, 3,704 కలిపి 8,498 కిలోజౌళ్ళు. రెండింటి తేడా 2,010 కిలోజౌళ్ళు. నీరు ఆవిరిగానే పోయే పరిస్థితిలో కొలిచి చూసిన అసలు విలువ సుమారు 2,044 కిలోజౌళ్ళు. మనం వాడినవి అనేక పదార్థాల మీద తీసిన సగటు బంధశక్తులు కనుక ఆ కొద్దిపాటి తేడా సహజమే. చేత్తో చేసిన కూడికలు కొలిచిన విలువకు అంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ సంతోషాన్ని కలిగిస్తుంది.

ఈ లెక్కలో ఆక్సిజన్ ద్విబంధానికి 498, కార్బన్ డయాక్సైడ్‌లోని ద్విబంధానికి 799 అన్న తేడాను మీ అబ్బాయికి వేలు పెట్టి చూపించండి. ఆక్సిజన్ అణువులోని బంధం, అది ద్విబంధమే అయినా, అంత బలమైనది కాదు. అదే ఆక్సిజన్ కార్బన్‌తోను, హైడ్రోజన్‌తోను కట్టే బంధాలు చాలా బలమైనవి. మంటలో వచ్చే వేడికి ఇదే ప్రధాన కారణం. అందువల్ల శక్తి సిలిండర్ లోపల ఉందనడం సగం మాటే అవుతుంది. గ్యాస్, ఆక్సిజన్ అనే జంట ఒక స్థితిలోను, కార్బన్ డయాక్సైడ్, నీరు అనే జంట ఇంకొక స్థితిలోను ఉన్నాయి, ఆ రెండు స్థితుల మధ్య తేడాయే శక్తి. చంద్రుడి మీదకు నిండు సిలిండర్‌ను మోసుకుపోయినా, వెంట ఆక్సిజన్ తీసుకుపోకపోతే దానితో గ్లాసు టీ కూడా కాచలేము. మన శరీరానికీ ఇదే లెక్క వర్తిస్తుంది, అన్నంలోని పిండిపదార్థం ఒక్కటే శక్తిని ఇవ్వదు, ఊపిరితో పీల్చిన ఆక్సిజన్‌తో కలిసి ఇస్తుంది.

గ్యాస్, గాలి గదిలో కలిసినంత మాత్రాన మండకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కొత్త బంధాలు ఏర్పడాలంటే ముందు పాతవి కొన్ని తెగాలి, ఆ తొలి ఖర్చును ఉత్తేజన శక్తి అంటారు. లైటర్ నిప్పురవ్వ ఆ ఖర్చు పెడుతుంది. ఒకసారి మొదలయ్యాక, మండిన అణువులు ఇచ్చిన వేడే పక్క అణువులకు ఆ ఖర్చును సమకూరుస్తుంది కనుక మంట దానంతట అది నిలబడుతుంది.

గోదావరి వాసి:

మాస్టారూ, మీ వివరణ బాగుంది. అయితే నాకు ఒక సందేహం. సిలిండర్‌లో గ్యాస్‌ను గొప్ప పీడనంతో కుక్కి పెడతారు కదా, ఆ కుక్కడానికి పెట్టిన శక్తిలో చాలా భాగం తిరిగి మంట రూపంలో వస్తుందని మా ఊళ్ళో ఒక మెకానిక్ చెప్పాడు. సిలిండర్ ఖాళీ అవుతున్న కొద్దీ మంట తగ్గడానికి కూడా పీడనం పోవడమే కారణం అన్నాడు. ఇది ఎంతవరకు నిజం?

విశ్రాంత అధ్యాపకుడు:

గోదావరి వాసి గారూ, ఇది చాలామందిలో ఉన్న అభిప్రాయమే, అయితే అది నిలబడదు. సిలిండర్‌లో ఎక్కువ భాగం ఉన్నది వాయువు కాదు, ద్రవం. ప్రొపేన్ సాధారణ పీడనం వద్ద మైనస్ 42 డిగ్రీల దగ్గర, బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మన గది వేడిమిలో వాటిని ద్రవంగా ఉంచడానికి ఓ మోస్తరు పీడనం చాలు. 30 డిగ్రీల దగ్గర ప్రొపేన్ ఒక్కటే ఉంటే వాతావరణ పీడనానికి సుమారు పదిన్నర రెట్లు, బ్యూటేన్ ఒక్కటే ఉంటే మూడు రెట్ల లోపు, మిశ్రమమైతే వాటి మధ్య. వాహనాల్లో వాడే సీఎన్‌జీని ఇలా ద్రవంగా మార్చలేము, ఎందుకంటే దానిలోని మీథేన్ మైనస్ 82 డిగ్రీల కంటే చల్లబడితే తప్ప ఎంత ఒత్తినా ద్రవం కాదు. అందుకే సీఎన్‌జీని 200 రెట్ల వాతావరణ పీడనంతో వాయువుగానే నింపుతారు, దాని సిలిండర్లు అంత బరువుగా, మందంగా ఉంటాయి.

ఇక శక్తి సంగతి. మీరు విన్నదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఒక కిలో వంటగ్యాస్ ద్రవం నుంచి వాయువుగా మారడానికి సుమారు 350 కిలోజౌళ్ళ వేడిని తీసుకుంటుంది, ఇదే బాష్పీభవన గుప్తోష్ణం. సిలిండర్ ఆ వేడిని తన లోహపు గోడ నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. అదే కిలో మండితే వచ్చేది సుమారు 46,000 కిలోజౌళ్ళు. అంటే మారడానికి తీసుకునేది, మండితే ఇచ్చేదానిలో నూటికి ఒక వంతు కూడా లేదు. ఆ కొద్ది వేడి పోవడం కూడా కళ్ళకు కనిపిస్తుంది. పెళ్ళి వంటల దగ్గర పెద్ద బర్నర్లు గంటల తరబడి వెలుగుతుంటే సిలిండర్ కింది భాగాన్ని తాకి చూడండి. ద్రవం ఉన్న ఎత్తు వరకు చల్లగా ఉండి బయట తడి పట్టి ఉంటుంది, ఆ పైన పొడిగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య గీసినట్టు కనిపించే గీతే లోపలి ద్రవ మట్టం. మంట తగ్గడానికీ ఇదే కారణం. ద్రవం చల్లబడితే దాని బాష్ప పీడనం, అంటే ద్రవం పైన చేరిన ఆవిరి కలిగించే ఒత్తిడి, పడిపోతుంది, గ్యాస్ నెమ్మదిగా వస్తుంది. అలాంటప్పుడు కొందరు సిలిండర్‌ను వేడినీళ్ళలో పెడతారు, పడుకోబెడతారు. ఈ రెండూ ప్రాణాంతకమైన పనులు. పడుకోబెడితే రెగ్యులేటర్‌లోకి ద్రవమే రావచ్చు, అది బయటకు రాగానే సుమారు 250 రెట్లు వ్యాకోచిస్తుంది.

లోపల ద్రవం కొంచెమైనా మిగిలి ఉన్నంత వరకు పీడనం వేడిమిని బట్టి, మిశ్రమాన్ని బట్టి ఉంటుంది తప్ప మిగిలిన పరిమాణాన్ని బట్టి ఉండదు. అందుకే మంటను చూసి ఎంత మిగిలిందో చెప్పలేము. తూకం వేసి, సిలిండర్ పైన ముద్రించిన ఖాళీ బరువును తీసివేస్తే సరైన లెక్క తెలుస్తుంది. పైగా పొయ్యికి అందేది సిలిండర్ పీడనం కానే కాదు. రెగ్యులేటర్ దానిని సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు నీటిమట్టం కలిగించేంత స్వల్ప పీడనానికి దించి పంపుతుంది.

పదో తరగతి అమ్మ:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. బంధశక్తుల లెక్కను మా అబ్బాయి నోట్‌బుక్కులో స్వయంగా చేసి 2,010 తెచ్చాడు. తరువాత బ్యూటేన్‌కు కూడా చేస్తానని కూర్చున్నాడు. ఇంకా రెండు అడగాలని ఉంది. కొన్ని రోజులు మంట పసుపు పచ్చగా వచ్చి గిన్నెలకు మసి పడుతోంది, అదే గ్యాస్ అలా ఎందుకు మండుతుంది? రెండోది, ఒక సిలిండర్ గ్యాస్ ఎన్ని యూనిట్ల కరెంటుకు సమానం? ఇండక్షన్ స్టవ్ కొనాలా వద్దా అని ఇంట్లో చర్చ నడుస్తోంది, లెక్క ఎలా వేయాలో తెలిస్తే ధరలు మేమే చూసుకుంటాము.

రసాయన శాస్త్రం టీచర్:

మసికి కారణం ఆక్సిజన్ చాలకపోవడం. బర్నర్‌కు గ్యాస్ వచ్చే గొట్టం మొదట్లో గాలి పీల్చుకునే రంధ్రాలు ఉంటాయి. వాటిలో దుమ్ము చేరినా, బర్నర్ రంధ్రాల్లో పొంగిన పాలు, పప్పు గడ్డకట్టినా గ్యాస్‌లో గాలి సరిగా కలవదు. అప్పుడు కొంత కార్బన్ మండకుండానే సన్నని కణాలుగా మిగిలి, మంట వేడికి పసుపు రంగులో ప్రకాశిస్తుంది. ఆ కణాలే గిన్నెకు అంటి మసి అవుతాయి. బర్నర్‌ను విప్పి శుభ్రం చేస్తే నీలి మంట తిరిగి వస్తుంది.

గిన్నె నల్లబడటం ఇందులో చిన్న నష్టం. ఆక్సిజన్ చాలనప్పుడు కార్బన్‌లో కొంత భాగం కార్బన్ డయాక్సైడ్ దాకా పోకుండా కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. ఒక మోల్ కార్బన్ పూర్తిగా మండితే సుమారు 394 కిలోజౌళ్ళు ఇస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ దగ్గర ఆగిపోతే 110 మాత్రమే. అంటే మూడో వంతు వేడి కూడా రాదు, పైగా విషం తయారవుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకుంటుంది. వంటగ్యాస్ లీకయితే మనకు తెలియాలని ఈథైల్ మెర్‌క్యాప్టన్ అనే ఘాటైన వాసన గల పదార్థాన్ని అందులో కలుపుతారు. అయితే మండిన తరువాత వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషయంలో ఆ రక్షణ లేదు, ఎందుకంటే మెర్‌క్యాప్టన్ కూడా మంటలో కాలిపోతుంది. స్నానాల గదిలో గ్యాస్ గీజర్ పెట్టి, తలుపు వేసి, వెంటిలేటర్ కూడా మూసి స్నానం చేసేవారు స్పృహ తప్పి ప్రాణాలు కోల్పోవడానికి ఇదే కారణం. నేను పైన చెప్పిన గాలి లెక్కను ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక కిలో గ్యాస్‌కు పదిహేను కిలోలకు పైగా గాలి కావాలి, అంత చిన్న గదిలో అది ఎక్కడి నుంచి వస్తుంది? గీజర్‌ను గది బయట పెట్టించి వేడినీళ్ళను మాత్రమే పైపు ద్వారా లోపలికి తెచ్చుకోవాలి. ఈ మాటను దయచేసి మీ బంధువులకు కూడా చెప్పండి.

ఇంధన ఇంజినీర్:

కరెంటు లెక్క నేను చెబుతాను. ముందుగా వాట్‌కు, యూనిట్‌కు తేడా తెలియాలి. వాట్ అంటే సామర్థ్యం, సెకనుకు ఒక జౌల్ చొప్పున శక్తి అందే వేగం. యూనిట్ అంటే శక్తి పరిమాణం. 1,000 వాట్ల పరికరం ఒక గంట పని చేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది, అంటే 36 లక్షల జౌళ్ళు, మెగాజౌళ్ళలో 3.6. కిలో గ్యాస్‌కు 46 మెగాజౌళ్ళ చొప్పున 14.2 కిలోలకు సుమారు 653 మెగాజౌళ్ళు వస్తాయి. దానిని 3.6తో భాగిస్తే 181 యూనిట్లు.

అయితే ఈ వేడి మొత్తం గిన్నెలోకి పోదు. గృహ వినియోగపు గ్యాస్ పొయ్యికి భారతీయ ప్రమాణాల ప్రకారం ఉండవలసిన కనీస ఉష్ణ దక్షత 68 శాతం. మిగిలినది గిన్నె పక్కల నుంచి వేడిగాలిగా పోయి వంటింటిని కాస్తుంది. అంటే గిన్నెకు అందేది సుమారు 123 యూనిట్లు. ఇండక్షన్ స్టవ్ గిన్నె అడుగు లోహంలోనే వేడిని పుట్టిస్తుంది కనుక దాని దక్షత సుమారు 85 శాతం అనుకోవచ్చు. అదే 123 యూనిట్ల వేడిని ఇవ్వడానికి అది దాదాపు 145 యూనిట్లు తీసుకుంటుంది. మీ ఊరి సిలిండర్ ధరను 145తో భాగించి, వచ్చిన మొత్తాన్ని మీ బిల్లులో చివరి శ్లాబు యూనిట్ ధరతో పోల్చండి. సగటు ధరతో పోల్చకూడదు, ఎందుకంటే ఇండక్షన్ వల్ల కొత్తగా పెరిగే యూనిట్లు పై శ్లాబులోనే పడతాయి.

ఈ అంకెలు చూసి కరెంటు వైపు నష్టమే లేదని అనుకోవడం మాత్రం తొందరపాటు. రామగుండం, విజయవాడ వంటి చోట్ల ఉన్న బొగ్గు ఆధారిత కేంద్రాల్లో బొగ్గు మండించి వచ్చే వేడిలో సుమారు మూడో వంతు, కాస్త మెరుగైన కేంద్రాల్లో ఇంకొంచెం ఎక్కువ మాత్రమే కరెంటుగా మారుతుంది. ఇది ఇంజినీర్ల అలసత్వం కాదు. వేడిని యంత్రశక్తిగా మార్చడానికి ప్రకృతే ఒక హద్దు గీసింది, దానిని 1824లో ఫ్రాన్సుకు చెందిన సాదీ కార్నో వివరించారు. టర్బైన్‌లోకి పోయే ఆవిరి 540 డిగ్రీల దగ్గర, దానిని చల్లబరిచే నీరు 40 డిగ్రీల దగ్గర ఉంటే, ఎంత గొప్ప యంత్రమైనా 61 శాతం దాటలేదు. ఘర్షణ, పొగగొట్టం ద్వారా పోయే వేడి వంటి నష్టాలు దానికి తోడవుతాయి. అందువల్ల ఒక యూనిట్ కరెంటును, ఒక యూనిట్ వేడిని ఒకే నాణ్యత గలవిగా చూడకూడదు. కరెంటును పూర్తిగా వేడిగా మార్చవచ్చు, వేడిని పూర్తిగా కరెంటుగా మార్చలేము.

శక్తి అంకెలు చేతికి అందేలా ఉండాలంటే ఒక లీటరు నీళ్ళు తీసుకోండి. దానిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి 294 కిలోజౌళ్ళు కావాలి. అదే లీటరు నీటిని 10 మీటర్ల ఎత్తులో ఉన్న డాబా మీది ట్యాంకుకు చేర్చడానికి కావలసినది 98 జౌళ్ళు, అంటే కిలోజౌల్‌లో పదో వంతు కూడా కాదు. ఒక్కసారి కాచడానికి పట్టే శక్తితో ఆ నీటిని 3,000 సార్లు ట్యాంకుకు ఎక్కించవచ్చు. నీళ్ళు కాచడం మనకు చిన్న పనిగా కనిపిస్తుంది, శక్తి లెక్కలో మాత్రం అది చాలా పెద్ద పని. జలవిద్యుత్ కేంద్రాలకు అంతంత జలాశయాలు ఎందుకు కావాలో కూడా దీనితోనే తెలుస్తుంది. 100 మీటర్ల ఎత్తు నుంచి పడే నీటితో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు 4 టన్నుల నీరు కావాలి. అన్ని జౌళ్ళ వేడిని 78 గ్రాముల గ్యాస్ ఇచ్చేస్తుంది.

వంట దగ్గర గ్యాస్ ఎక్కువగా వృథా అయ్యేది మరిగిన తరువాతే. లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 294 కిలోజౌళ్ళు చాలు, మరిగిన ఆ లీటరు మొత్తం ఆవిరై పోవడానికి ఇంకా 2,260 కిలోజౌళ్ళు కావాలి. మూత లేని గిన్నెలో నీరు ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీలు దాటదు, పప్పు త్వరగా ఉడకదు, ఆవిరి మాత్రం ఎక్కువగా పోతుంది. కుక్కర్‌లో పీడనం పెరగడం వల్ల నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది కనుక పని త్వరగా అవుతుంది. అక్కడ కూడా మొదటి విజిల్ తరువాత మంట తగ్గించినా లోపలి వేడి అలాగే నిలబడుతుంది.

మీ అబ్బాయి ఈ లెక్కలను సొంతంగా సరిచూడాలనుకుంటే, కొత్త స్టవ్ కొనే ముందు పొరుగువారి ఇండక్షన్ స్టవ్ ఒకసారి అడిగి తీసుకోండి. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు అన్నీ ఆపి, మీటరు రీడింగ్ రాసుకుని, 5 లీటర్ల కుళాయి నీళ్ళు మూత పెట్టి మరిగే దాకా కాచి, మళ్ళీ రీడింగ్ చూడమనండి. నీళ్ళు 30 డిగ్రీల దగ్గర మొదలైతే, దక్షత నేను చెప్పినట్టే ఉంటే, మీటరు దాదాపు అర యూనిట్ తిరగాలి. అంతకంటే ఎంత ఎక్కువ తిరిగిందో చూసి మీ ఇంటి గిన్నెకు, ఆ స్టవ్‌కు సరిపోయే అసలు దక్షత ఎంతో వాడే లెక్క కట్టగలడు.